తరుగు లేని తూకం

రేగడికుంటలో వడ్ల కాంటా దగ్గర కూర్చునేది యాకమ్మ. పాలకుర్తిలో ఆటో ఎక్కితే, ఊరు ఇంకా రాకముందే రోడ్డు పక్కన మహిళా సంఘం వాళ్ల కొనుగోలు కేంద్రం కనిపిస్తుంది. నీలం పరదాలు, గోనె సంచుల కట్టలు, వరుసగా వడ్ల కుప్పలు. పొద్దున్నే యాకమ్మ వచ్చి కాంటా పలకను కొంగుతో తుడుస్తుంది. సున్నా చూపిస్తోందో లేదో చూసుకుని, తనే ఒకసారి ఎక్కి దిగుతుంది. తన బరువు తనకు తెలుసు కాబట్టి కాంటా నిజం చెబుతోందా, బుకాయిస్తోందా అన్నది అక్కడే తేలిపోతుంది. ఆ తరువాత చేయి ఊపి హమాలీలను పిలుస్తుంది.

ఆ హమాలీల్లో ముందు నడిచేది ఆమె మొగుడు యోహాను. మూడూళ్లలో అతనంత మోసేవాడు లేడు. ఆ సంగతి ఎవరూ చెప్పకపోయినా అతనే చెప్పుకుంటాడు. బస్తా కాంటా మీద పెట్టి, "ఎంతున్నది మేడం?" అని పెండ్లాన్ని అడుగుతాడు. "నోరు మూసుకుంటె నలభై, తెరిస్తె నలభై ఒకటి" అంటుంది యాకమ్మ. రైతులు నవ్వుతారు. రోజూ అదే మాట, రోజూ అదే నవ్వు.

మిల్లుల తరఫున వచ్చేవాళ్లకు తరుగు తీయడం పాత అలవాటు. తేమ అని కొంత, తాలు అని కొంత, ఏ పేరూ దొరక్కపోతే ఊరికే కొంత, బస్తాకు ఇన్ని కిలోలని కోసేస్తారు. యాకమ్మ దగ్గర ఆ పప్పులు ఉడకలేదు. ఒకసారి మానుకోట వైపు నుంచి వచ్చిన మిల్లు ఏజెంటు గట్టిగా పట్టుబడితే, ఆమె లేచి తనే కాంటా ఎక్కి నిలబడింది. "ముందుగాల నన్ను జోకు. నాకెంత తరుగు తీస్తవో చెప్పు. గంతనే వడ్లకు తియ్యి" అన్నది. అతను తల గోక్కుని లారీ ఎక్కాడు. రేగడికుంట వాళ్లకు ఈ ముచ్చట చెప్పడమంటే మహా ఇష్టం. బస్సులో పక్క సీటు వాడు వినడానికి సిద్ధంగా లేకపోయినా చెబుతారు.

అలాంటి యాకమ్మ, పోయినేడు వానకాలం పంట చేతికొచ్చే వేళకు బరువెక్కింది.

తిండి తగ్గింది. మనిషి చిక్కిపోయింది. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. కాంటా ఎక్కితే మాత్రం రోజురోజుకూ అంకె పెరుగుతోంది. మొదట ఒక బస్తా అంత ఎక్కువ, కొన్నాళ్లకు రెండు బస్తాలంత. ఒక పొద్దున ఆమె ఎక్కగానే కాంటా అంకెలు మానేసి అడ్డగీతలు చూపించింది. యోహాను ఆమెను దింపి, ఒక బస్తా పెట్టి చూశాడు. బస్తా బస్తాలాగే తూగింది.

"కాంటా మంచిగనే ఉన్నది. నువ్వే బరువైనవ్" అన్నాడు.

"ఔ" అన్నది యాకమ్మ. ఆ ఒక్క ముక్క అనడానికి ఆమెకు చాలాసేపు పట్టింది.

మనిషి బరువెక్కితే ఇరుగుపొరుగు ఏం చేయాలో అదే చేశారు. నులక మంచం తెగితే, నాలుగు రాళ్లు పెట్టి దాని మీద టేకు చెక్క వేశారు. ఆటో శ్యాం వెనక టైర్లకు గాలి ఎక్కువ కొట్టించాడు. వాకిట్లో ఆమె నడిచిన చోటల్లా గుంటలు పడుతుంటే, అత్త ఎల్లక్క రోజూ వాటిలో మట్టి పోసి అలికింది. కాంటా దగ్గర యాకమ్మ కుర్చీలో సంఘంలోని సంగీత కూర్చుంది, "అక్క వచ్చిందాక" అని అందరికీ చెప్పి మరీ కూర్చుంది.

ఊరికి పట్టింది బరువు సంగతి కాదు, కారణం సంగతి. యోహాను కొట్టాడా? ఆ మాట అడిగినవాళ్లను ఎల్లక్కే తరిమింది. బిడ్డ మనీషాకు అత్తగారింట్లో కష్టమా? మానుకోటలో ఆ పిల్ల చల్లగా ఉంది. పొలం పోయిందా, పరువు పోయిందా? ఏదీ పోలేదు. కారణమంటూ ఒకటి ఉంటే దాని మీద పడి తిట్టొచ్చు, దండం పెట్టొచ్చు, పంచాయితీ పెట్టొచ్చు. ఏమీ లేకపోయేసరికి ఊరి నోరు కట్టేసినట్టయింది.

యాకమ్మకు మాత్రం ఒక్కటే తెలుసు. చెయ్యి లేపాలంటే ఆ చెయ్యి ఎవరిదో అనిపిస్తుంది. తల దువ్వుకోవడం ఒక పూట పని. తనకు ప్రాణమైన కాంటా గుర్తుకొస్తే కూడా లోపల ఏమీ కదలదు. అది అన్నిటికంటే భయపెట్టింది. ఒక సాయంత్రం అన్నం కంచం ముందు కూర్చుని, "నేను లేకుంటె మీకందరికీ తేలికైతది" అన్నది.

యోహాను చేయి కడుక్కున్నాడు. ఆమె ముందు గొంతుక్కూర్చుని, రెండు చేతులూ తన మెడ చుట్టూ వేయించుకుని, వీపు మీదికి ఎత్తుకున్నాడు. మెడ నరాలు తాళ్లలా లేచాయి. అలాగే ఇంటి చుట్టూ ఒక చుట్టు తిరిగి, తెచ్చి టేకు చెక్క మీద దింపాడు. ఊపిరి అందడానికి కొంత టైం పట్టింది.

"మస్తు బరువున్నవ్. అబద్ధమెందుకు చెప్త?" అన్నాడు. "అయినా మోసిన గద. ఇంకోపాలి ఆ మాటనకు."

ఇక వైద్యం మొదలుపెట్టాలని ఇంట్లో నిర్ణయం జరిగింది. అయితే వడ్లలో పుట్టి వడ్లలో పెరిగిన మనుషులకు ముందుగా తట్టే వైద్యం ఏముంటుంది? ఎల్లక్క కోడలి ముంజేతిని అటూ ఇటూ తిప్పి చూసి, "తేమ పట్టింది" అని తేల్చేసింది. చూడడానికి సన్నగా ఉండి తూకానికి ఎక్కువ వస్తే, అది తేమ కాక ఇంకేమిటి? ఆరబెట్టాలె.

మరునాడు పొద్దున్నే రోడ్డు పక్కన వడ్లు ఆరబోసిన పరదా మీదనే, ఒక కొసన చాప వేసి యాకమ్మను కూర్చోబెట్టారు. ఎల్లక్క వడ్లలో కాళ్లతో చాళ్లు తీసుకుంటూ వచ్చి, కోడలి దగ్గరికి రాగానే, "జర ఇటు తిరుగు బిడ్డా" అని ఎండకు రెండో వైపు తిప్పేది. దారిన పోయేవాళ్లు, "ఆరుతున్నదా అవ్వా?" అని పలకరించి పోయేవాళ్లు. సంగీత తేమ కొలిచే మీటరు తెచ్చి యాకమ్మ అరచేతికి ఆనించి చూసింది. వడ్లకైతే సర్కారు వెంటనే కొనేంత పొడిగా ఉంది. బరువు మాత్రం గింజంతైనా తగ్గలేదు. యాకమ్మ ముఖం నల్లబడింది, పెదవులు పగిలాయి, అంతే.

అలా ఆరబెట్టిన రోజుల్లోనే ఒకనాడు కౌసల్య అక్కడ ఆగింది. కౌసల్య ముత్యం భార్య. ముత్యం పాత సర్పంచి, ఊళ్లో సగం మాగాణి అతనిదే. మాట పెద్దది, కారు తెల్లది. ఆమె చిట్యాల నుంచి కోడలుగా వచ్చి ఇన్నేళ్లయినా, ఆమె గొంతు ఎలా ఉంటుందో ఊళ్లో సగం మందికి తెలియదు. గాలి వీస్తే ఎగిరిపోయేట్టు ఉండే మనిషి. పరదా పక్కన నిలబడి యాకమ్మను చాలాసేపు చూసింది.

"ఎండ పని చేస్తున్నదా?" అని అడిగింది.

"లేదక్కా" అన్నది యాకమ్మ.

కౌసల్య ఇంకేదో అడగబోయింది. కారులోంచి ముత్యం, "కౌసల్యా, గక్కడేం చూస్తున్నవ్, రా" అని పిలవడంతో వెళ్లిపోయింది.

ఎండ పని చేయకపోయేసరికి యోహాను భార్యను పాలకుర్తి దవాఖానకు, అక్కడివాళ్లు చెబితే హనుమకొండకు తీసుకుపోయాడు. అక్కడ మానసిక వైద్యం చేసే డాక్టరు అలేఖ్య భూపాలపల్లి పిల్ల. గడప దాటిన యాకమ్మ అడుగు పడిన చోట బండ చప్పుడు విని, లోపలినుంచే "కుడి దిక్కు కుర్చీల కూసోండ్రి, అది గట్టిది" అని కేకేసింది. ఇది జబ్బు అని, పేరు డిప్రెషన్ అని, తేమ కాదని, తప్పు అసలే కాదని చెప్పింది. గోళీలు రాసింది. నెలలు గడిచాయి. బరువు కొంచెం దిగినట్టే దిగి మళ్లీ ఎక్కింది. గోళీలు మార్చింది. యాకమ్మ వాటినీ తప్పకుండా మింగింది. వారం వారం మాట్లాడి పంపే మేడం దగ్గరా కూర్చుంది. ఎండాకాలం పంట కాంటా కూడా సంగీతే వేసింది. ఆ రోజుల్లో లారీల చప్పుడు వినపడకుండా యాకమ్మ ఇంటి తలుపు వేసుకుని పడుకుంది.

వానలు మొదలయ్యాక అలేఖ్య ఒకరోజు మొగుడూ పెండ్లాలనూ, ఎల్లక్కనూ ముగ్గుర్నీ కూర్చోబెట్టింది.

"కొందరికి గోళీలు సరిపోవు. అది వాళ్ల తప్పు కాదు, గోళీల తప్పు కాదు. గసుంటోళ్లకు ఇంకో తొవ్వ ఉన్నది. అయస్కాంతం" అన్నది.

"అయస్కాంతమా?" ఎల్లక్క కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "పాణాన్ని గుంజుకుంటదా బిడ్డా?"

"గుంజదు అవ్వా, తడుతది. నెత్తి ముందటి భాగంల, ఎడమ దిక్కు, మెదడుల ఒక జాగ ఉంటది. పని మీద మనసు పోవుడు, హుషారు, అదంతా ఆ జాగ సంగతి. అది మొద్దుబారింది. బయటినుంచి అయస్కాంతం పెట్టి తట్టి తట్టి లేపుతం. కొయ్యం, మత్తియ్యం. కరెంటు షాకు కాదు. మనిషి మేలుకొనే ఉంటది. వారానికి అయిదు దినాలు, నెల పైన తిరగాలె. మొదట్ల జర తలనొప్పి ఉంటే ఉండొచ్చు. చానమందికి తేడా కనపడుతది. అందరికీ అని మాత్రం మాట ఇయ్యను. ఆమె తలల ఇనుప ముక్కలు, మిషన్లు ఏమన్న ఉన్నయా? ఎప్పుడన్న ఫిట్స్ వచ్చినయా?"

"ఫిట్స్ రాలేదు. ఇనుముంటే దాని నాలుక మీద ఉండె" అన్నది ఎల్లక్క. "ఏడాది కావస్తున్నది, అదీ కరిగిపోయింది." చెప్పి ఏడ్చింది.

"ఈ మిషన్ మేడ మీద ఉన్నదా మేడం?" అని యోహాను భయంగా అడిగాడు. మెట్లు అతని లెక్కలో ఉన్నాయి.

"కింద్నే. మొదట మేడ మీదనే పెట్టినం. ఒక లెక్కల సారు వచ్చిండు, లిఫ్టు ఆగిపోయింది. గప్పటిసంది కిందికి దించినం."

ఇలా తిరుగుడు మొదలైంది. ఊరి నుంచి శ్యాం ఆటోలో స్టేషన్ ఘన్‌పూర్, అక్కడినుంచి బస్సు. ఆడవాళ్లకు బస్సులో టికెట్ లేదు. అయినా మొదటిరోజు బస్సు ఒక పక్కకు ఒరిగేసరికి కండక్టర్ వెనక్కి వచ్చి, లగేజీ ఎవరిదని అడిగాడు. యోహాను పెండ్లాన్ని చూపించాడు. కండక్టర్ కాసేపు ఆలోచించి, "లోపల ఉన్నదానికి లగేజీ టికెట్ కొట్టుడు నాతోని కాదు" అని, ఆమెను సరిగ్గా ఇరుసు మీదికి వచ్చే సీటులోకి మార్చాడు. ఆ సీటు ఆ రోజునుంచి ఆమెదే అయింది. కూర్చున్నవాళ్లు ఆమెను చూడగానే లేచేవాళ్లు.

మొదటి రోజు అలేఖ్య ఆమె చెవుల్లో మెత్తటి బిరడాలు పెట్టి, గరిటె ఆకారంలో ఉన్న అయస్కాంతాన్ని నెత్తికి ఆనించింది. ఎంత జోరు పెట్టాలో తెలియడానికి ముందు ఒక పరీక్ష ఉంటుంది. "నీ కుడిచెయ్యి చూడు" అన్నది. టక్కుమని చప్పుడైంది. ఒడిలో పడి ఉన్న యాకమ్మ బొటనవేలు దానంతట అదే ఎగిరింది. మళ్లీ టక్కుమంది. మళ్లీ ఎగిరింది.

యాకమ్మ ఆ వేలి వంక అలాగే చూస్తూ ఉండిపోయింది. నెలల తరబడి తను బతిమాలినా లేవని చెయ్యి అది.

"గిది నా వేలేనా?" అన్నది.

"నీదే. తొవ్వ తెగిపోలేదు యాకమ్మా, మన్ను పడ్డది. ఎత్తిపోద్దాం" అన్నది అలేఖ్య.

తరువాత రోజూ టకటకా టకటకా తట్టడం, కాసేపు ఆగడం, మళ్లీ తట్టడం. బస్తా నింపాక గింజలు కుదురుకోవడానికి సంచిని తడతారే, అలా ఉందని యాకమ్మ అనుకుంది. రెండు వారాలు ఏమీ జరగలేదు. తలనొప్పి వచ్చి పోయింది. శ్యాం ఆటో చెరువుకట్ట ఎక్కడానికి అదే మూలుగు మూలిగింది. యోహాను బస్సులో కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు, దుమ్మని చెప్పాడు. మూడో వారంలో ఒకరోజు ఆటో కట్ట ఎక్కి దిగాక శ్యాం బండి పక్కకు ఆపాడు.

"అన్నా, ఫస్ట్ గేరు ఎయ్యలే నేను" అన్నాడు.

యోహాను దిగి వెనక టైర్లు చూసి వచ్చి కూర్చున్నాడు. ఆ మాట పైకి అంటే వచ్చిన తేలిక ఎక్కడ పోతుందోనని ముగ్గురికీ భయం.

ఆ వారం ఆఖరున ఎల్లక్క గోంగూర పప్పు వండింది. యాకమ్మ ఒక ముద్ద తిని కంచం పక్కకు నెట్టింది. "ఉప్పెవరు ఏస్తరు దీంట్ల? పక్కింటోళ్లా?" అన్నది. ఎల్లక్క గరిటె పట్టుకునే వాకిట్లోకి ఉరికింది. కోడలు తనను తిట్టిందని గడప గడపకూ చెప్పి, ఉప్పు సంగతే మరిచి తిరిగొచ్చింది. యోహాను ఆ చప్పటి పప్పునే మూడుసార్లు పెట్టించుకుని తిన్నాడు.

బరువు పెండ్లినాటి దాపుకు దిగేసరికి యోహాను, "ఇంక ఆపుదామా? కాంటా మీద సరిగనే వస్తున్నవ్" అన్నాడు.

"గింజ పైకి ఆరంగనే బస్తాల నింపుతరా?" అని యాకమ్మ గుడ్లురిమింది. "డాక్టరమ్మ చెప్పిందాక పోవాల్సిందే. గోళీలు కూడా ఆమె చెప్పిందాకనే." అలా చివరిదాకా పోయింది. చివరి రోజు అలేఖ్య ఆమెను గేటు దాకా సాగనంపి, ఆమె నడిచిన బండల మీద చప్పుడు లేకపోవడం గమనించి లోపలికి వెళ్లింది.

ఇక మళ్లీ వానకాలం పంట. కేంద్రం తెరిచే రోజు పొద్దున ఊరు ఊరంతా కాంటా దగ్గర చేరింది. సంగీత కుర్చీ తుడిచి, "రా అక్కా" అని పక్కకు జరిగింది. యాకమ్మ కూర్చోబోయింది. ఆ ఒక్క కుర్చీ కోసమే ఆమె ఇన్ని వారాలు ఆ ఇరుసు మీద కూర్చుని తిరిగింది.

"ఆగు" అన్నాడు ముత్యం. వరుసలో మొదటి కుప్ప అతనిదే. భార్యా, హమాలీలూ అతని వెనక నిలబడి ఉన్నారు. "నాకు నీ మీద కోపం లేదు యాకమ్మా. కని, కాంటా అంటే ఊరి కడుపు. పిచ్చి దవాఖానకు పోయొచ్చిన మనిషి చేతుల పెడుదమా? నీ బరువే నీకు ఆగలేదు. నా వడ్ల బరువు నువ్వేం చెప్తవ్?"

కొందరు నేల చూశారు. ఆ కొందరిలో, ఎవరి వడ్లకు ఆమె తరుగు తీయనివ్వలేదో ఆ రైతులూ ఉన్నారు, అది చెప్పుకోవాల్సిందే. యోహాను పిడికిలి బిగించి ముందుకు రాబోయాడు. యాకమ్మ చేయి అడ్డం పెట్టింది.

"ఔ, దవాఖానకు పోయిన పటేలా" అన్నది, అందరికీ వినపడేట్టు. "దాచే ముచ్చట కాదు. నెత్తికి అయస్కాంతం పెట్టిచ్చుకున్న. గోళీలు ఇంకా ఏసుకుంటున్న. బరువైననాడు బరువున్న అని చెప్పిన, ఇయ్యాల తేలికున్న అని చెప్తున్న. నమ్మకుంటె కాంటా ఉన్నది గద."

చెప్పులు విడిచి కాంటా ఎక్కింది. అంకెలు గిరగిర తిరిగి నిలబడ్డాయి. సంగీత గట్టిగా చదివింది. ఆ ఒడ్డూ పొడుగూ ఉన్న ఆడమనిషికి ఎంత ఉండాలో అంతే. వెనకనుంచి మిల్లు ఏజెంటు, పాత కక్ష గుర్తొచ్చిందో ఏమో, "తరుగెంత?" అని నవ్వాడు.

"తరుగు లేదు" అన్నది యాకమ్మ. "మొత్తం నేనే."

అప్పుడు లేచింది కేక. హమాలీలు గోనె సంచులు పైకి ఎగరేశారు. ఎల్లక్క చప్పట్లు కొట్టుకుంటూ తిరిగింది. యోహాను రొమ్ము ఎంత పొంగిందంటే చొక్కా గుండీ ఒకటి ఊడి వడ్లలో పడింది. అది నా పెండ్లాం అని ఎవరికీ చెప్పాల్సిన పని లేదు, అయినా అందరికీ చెప్పాడు. ముత్యం కూడా ఏమనలేక తల ఊపి, "సరే, కానియ్యండి. నా కుప్పతోని మొదలుపెట్టుండ్రి" అన్నాడు.

యాకమ్మ కాంటా దిగుతుండగా కౌసల్య ముందుకొచ్చింది. వచ్చి, పలక ముందు నిలబడింది.

"యాకమ్మా, నన్ను గూడ జోకవా?" అన్నది.

ఆ గొంతు చాలామంది మొదటిసారి విన్నారు. ముత్యం నవ్వబోయాడు. "నిన్నేంది జోకేది? పిట్టంత లేవు" అన్నాడు. ఆమె వినిపించుకోలేదు. యాకమ్మ చేయి అందించింది. కౌసల్య ఒక కాలు పెట్టింది, రెండో కాలు పెట్టింది. అంకెలు లేచాయి. లేచి లేచి, ఎక్కడా నిలవక, అడ్డగీతలైపోయాయి. కాంటా నాలుగు కాళ్లూ మెల్లగా మట్టిలోకి దిగబడ్డాయి.

"కాంటా ఖరాబైంది" అన్నాడు ముత్యం.

"ఇప్పుడే నన్ను జోకింది గద పటేలా. నువ్వే ఒప్పుకున్నవ్" అన్నది యాకమ్మ, కోపం లేకుండా.

ముత్యం భార్య ముఖంలోకి చూశాడు. మేడ మీద గదిలో బండలు ఎందుకు పగులుతున్నాయని మేస్త్రీని రెండుసార్లు పిలిచి తిట్టిన మనిషి అతను. కొత్త కారు ఎడమపక్క ఎందుకు కుంగుతోందని షోరూం వాళ్లతో కొట్లాడిన మనిషి. ఇప్పుడు అన్నీ ఒక్కసారిగా తెలిశాయి.

"ఎన్నొద్దుల సంది?" అన్నాడు. "ఇంత బరువున్నవని నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వెప్పుడన్న ఎత్తుకుంటివా?" అన్నది కౌసల్య.

నిష్ఠూరంగా కూడా అనలేదు, అడిగినట్టే అడిగింది. ఆమె కాంటా దిగాలని చూసింది కానీ కాలు లేవలేదు. అలవాటు కొద్దీ యోహాను కండువా నెత్తికి చుట్టుకుని ముందుకొచ్చాడు. యాకమ్మ అతని భుజం పట్టి ఆపింది.

"నువ్వాగు. ఆయనను మోయనీ."

ముత్యం కండువా తీసి పక్కన పెట్టాడు. మొదటిసారి వంగి ఎత్తబోయి ముందుకు తూలాడు. నవ్వడానికి ఎవరికీ మనసు రాలేదు. "నడుము వంచకు పటేలా, మోకాళ్లు వంచు" అన్నాడు యోహాను. "వీపు మీదికి తీస్కో. ఊపిరి బిగబట్టకు, ఇడుస్తుండు. ఆఁ, గట్ల." రెండోసారి లేచాడు. ముఖం కందగడ్డలా అయింది, కానీ లేచాడు. ఒక్కో అడుగూ భూమిలోకి దిగుతుంటే శ్యాం ఆటో వైపు నడిచాడు. చెరో పక్క ఒక హమాలీ అరచేతులు అడ్డం పెట్టి నడిచాడు, పడిపోతే పట్టుకోవడానికి. కౌసల్య తన తలను భర్త భుజం మీద ఆనించింది.

యాకమ్మ కాంటా స్విచ్ ఆపింది. "ఇయ్యాల కాంటా లేదు. రేపు పొద్దుగాల ఎవ్వరి కుప్ప ముందటుంటె వాళ్లదే" అని చెప్పి, ఆమెకు తొవ్వ తెలుసు కాబట్టి, ఆటో ఎక్కి కౌసల్య పక్కన కూర్చుంది. రైతుల్లో ఒక్కరూ ఎందుకని అడగలేదు. బస్సులో ఇరుసు మీది సీటు కౌసల్యకు ఇప్పించి, దారి పొడుగునా చేయి వదలకుండా, ముందు గోళీలతోనే మొదలుపెడతారని, చాలామందికి వాటితోనే దిగుతుందని, దిగకపోతే ఇంకో తొవ్వ ఉందని, అది తను నడిచిన తొవ్వేనని చెబుతూ ఉంది. కౌసల్య ఒక్కో మాటకూ తల ఊపింది.

హనుమకొండ దవాఖానలో ఆదివారం మినహా ఎప్పుడూ జనమే. జనగామ నుంచి, మానుకోట నుంచి వచ్చినవాళ్లు హాలు నిండా ఉన్నారు. గేటు నుంచి ముత్యం భార్యను మళ్లీ మోసుకుంటూ లోపలికి వచ్చాడు. తెల్ల చొక్కా చెమటకు తడిసి వీపుకు అంటుకుంది. చీటీలు రాసే కిటికీ లోపలి అమ్మాయి తలెత్తి, "ఎవరు సార్ పేషెంటు? కూడ ఎవరొచ్చిండ్రు?" అని అడిగింది. హాల్లో ఉన్నవాళ్లు తిరిగి చూశారు. అందులో అతణ్ని ఎరిగినవాళ్లూ ఉన్నారు.

"నా భార్య కౌసల్య" అన్నాడు ముత్యం. పంచాయితీ మీటింగులో మాట్లాడేటప్పటి గొంతుతోనే, హాలు చివరి బెంచీ దాకా వినపడేట్టు అన్నాడు. "నేనే మోసుకొచ్చిన."